రాతి పలకపై పొగ ఓడ

ఖరగ్‌పూర్‌లో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి పూరీలో దిగడం మన కుటుంబాలకు అలవాటైన యాత్ర. బెంగాల్ నాగపూర్ రైల్వే రాకమునుపు కలకత్తా నుండి జగన్నాథ దర్శనానికి బయలుదేరిన వారికి ముఖ్యంగా రెండు దారులు ఉండేవి. కాలినడకన వారాల తరబడి పోవడం ఒకటి, పొగ ఓడలో చాంద్‌బాలీ రేవుకు చేరి అక్కడి నుండి ముందుకు సాగడం రెండవది. ఆ కాలపు ఓడలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే మనకు మిగిలిన ముఖ్యమైన ఆధారాలలో శిలాముద్రణ చిత్రాలు ఒకటి.

1790 దశకం చివర బవేరియాలో సెనెఫెల్డర్ కనుగొన్న ఈ పద్ధతి ఎంతో సులువైనది. నునుపు చేసిన సున్నపురాతిపై జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, రాతిని నీటితో తడుపుతారు. తడిసిన చోట సిరా అంటదు, జిడ్డున్న చోట మాత్రమే అంటుతుంది. ఆ పైన కాగితం పరచి అదిమితే బొమ్మ దిగుతుంది. చెక్కే పని లేదు గనుక చిత్రకారుని చేతి గీత యథాతథంగా కాగితానికి ఎక్కుతుంది. కాకపోతే అంతా ఎడమ కుడులు తారుమారుగా గీయాలి. ఓడ పేరును సైతం అద్దంలో వలె తిరగేసి వ్రాయవలసిందే!

లండన్‌లో థామస్ గోల్డ్స్‌వర్త్ డట్టన్ ఈ విద్యలో అగ్రగణ్యుడు. 1891లో మరణించిన ఆయన చిత్రాలు గ్రీనిచ్‌లోని నౌకా ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. ఇటువంటి బొమ్మలలో ఓడ దాదాపు ఎల్లప్పుడూ పక్క నుండే కనిపిస్తుంది. మన డ్రాయింగ్ ఆఫీసు భాషలో చెప్పాలంటే అది సైడ్ ఎలివేషన్. పొగగొట్టం ఎక్కడ, తెడ్ల చక్రం పెట్టె ఎంత, స్తంభాలు ఎన్ని అనేవి లెక్కపెట్టుకోవచ్చు. పొగ గొట్టం ఉన్న ఓడకు తెరచాపలు ఎందుకని పిల్లలు అడుగుతారు. 1825లో ఇంగ్లండు నుండి కలకత్తాకు వచ్చిన తొలి ఆవిరి ఓడ ఎంటర్‌ప్రైజ్, ఆవిరి, గాలి రెండింటినీ వాడుకొని కూడా 113 రోజులు తీసుకుంది. ఆనాటి బాయిలర్లు మింగే బొగ్గును తలచుకుంటే తెరచాప విడ్డూరం కాదు, అవసరం. ఆ పిదప కొన్నేళ్ళకు తెడ్ల చక్రాలు బొమ్మల నుండి క్రమంగా మాయమయ్యాయి. తెడ్ల చక్రాలతో తలపెట్టి, మరమేకు వంటి ప్రొపెల్లరుతో ముగించిన హిమాలయ ఓడ 1853లో నీటికి దిగింది. ఈ మార్పును గ్రంథాల కన్నా బొమ్మలే త్వరగా బోధిస్తాయని మా అభిప్రాయం.

అయితే ఈ చిత్రాలలో ఓడ ఉన్నంత స్పష్టంగా మనుషులు లేరు. బొమ్మ గీయించేవారు, కొనేవారు సాధారణంగా ఓడ యజమానులు, కెప్టెన్లు, ఓడలపై మక్కువ గల సంపన్నులు. వారికి కావలసినది ఓడ ఠీవి. డెక్ మీది జనం చిన్న చిన్న చుక్కలు. కాకినాడ నుండి రంగూన్‌కు డెక్ టిక్కెట్టుపై పోయిన మన తెలుగు కూలీలకు అటువంటి చుక్కలుగానైనా చోటు దొరకడం అరుదు.

1887 మే 25న సర్ జాన్ లారెన్స్ అనే ఓడ కలకత్తా నుండి చాంద్‌బాలీకి పోతూ తుపానులో మునిగిపోయింది. ఏడు వందల మందికి పైగా పోయారు. వారిలో అధికులు పూరీ యాత్రికులు, అందులోనూ స్త్రీలు. యువకుడైన రవీంద్రనాథ ఠాకూర్ ఆ దుర్ఘటనపై వ్రాసిన కవిత ఆయన మానసి సంపుటిలో ఉంది. తరువాత పదేళ్ళకు, 1897లో, పూరీకి రైలు పడింది. 1900లో రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తయి హౌరా మన ఖరగ్‌పూర్‌తో కలిసింది. ఇక యాత్రికులకు సముద్రంతో పని లేకపోయింది.

ఆ యాత్రికుల కోసం కొందరు ఆంగ్ల వనితలు ఒక రాతి ఫలకం పెట్టించారు. కలకత్తా ఒడ్డున, హౌరా వంతెనకు సమీపంలోని ఛోటూలాల్ ఘాట్‌లో అది ఉంది. హౌరాలో రైలు దిగి వంతెన దాటే మన వారు ఒక పావుగంట వెచ్చిస్తే చూడవచ్చు.