కారని చోటే కన్నం

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చాలా పాత ఇళ్లకు చలికాలం ఇప్పటికీ నూనెతోనే గడుస్తుంది. న్యూజెర్సీలోనో మసాచుసెట్స్‌లోనో అలాంటి ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు బేస్‌మెంట్‌లో ఒక మూల 275 గ్యాలన్ల ట్యాంకు, అంటే మన లెక్కలో వెయ్యి లీటర్ల పైచిలుకు, దాని నుంచి బర్నర్ దాకా పోయే సన్నటి రాగి గొట్టం కనిపిస్తాయి. లోపలున్నది డీజిల్‌కు చాలా దగ్గరి నూనె. రోడ్డు పన్ను కట్టని ఇంధనమని గుర్తుపట్టడానికి దాంట్లో ఎర్ర రంగు కలుపుతారు.

జనవరిలో ఒక రాత్రి ట్యాంకు ఖాళీ అవుతుంది. మర్నాడు లారీ వచ్చి నింపి వెళ్తుంది. అయినా బర్నర్ కాసేపు గుర్రుమని ఆగిపోతుంది. ట్యాంకు నిండా నూనె, ఇల్లంతా చలి. గొట్టంలోకి గాలి చేరింది.

బర్నర్‌లో ఉండే చిన్న గేరు పంపు నూనెను చదరపు అంగుళానికి 100 పౌండ్ల ఒత్తిడికి (కొత్త బర్నర్లలో 140) తెచ్చి నాజిల్‌లోని సన్నటి రంధ్రం గుండా చిమ్ముతుంది. నూనె పొగమంచులా విడిపోతేనే పది వేల వోల్టుల నిప్పురవ్వకు అంటుకుంటుంది. ధార కడితే అంటుకోదు. పంపులోకి గాలి వస్తే ఒత్తిడి నిలబడదు, మంట రాదు. మంట వచ్చిందో లేదో చూడటానికి కాడ్మియం సల్ఫైడ్‌తో చేసిన ఒక కన్ను ఉంటుంది. వెలుగు పడితే దాని విద్యుత్ నిరోధం పడిపోతుంది. కొన్ని సెకన్లలో వెలుగు కనబడకపోతే కంట్రోలు బర్నర్‌ను ఆపేసి, ఎర్ర బటన్ నొక్కేదాకా కదలదు.

ఆ బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కడమే అసలు ప్రమాదం. నొక్కిన ప్రతిసారీ ఎంతో కొంత నూనె మంటగదిలో పడుతుంది. చివరికి అంటుకున్నప్పుడు అదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది, మసి ఇల్లంతా కమ్ముతుంది. ఒకసారి నొక్కి చూడండి, రాకపోతే మెకానిక్‌ను పిలవండి.

గాలి మరీ ఎక్కువ లేకపోతే బర్నర్ వెలుగుతుంది గాని, ఆపినప్పుడు పేచీ పెడుతుంది. ద్రవాన్ని నొక్కితే దాదాపు కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన సూత్రం ప్రకారం 100 పౌండ్ల పంపు ఒత్తిడి కింద నాజిల్ గొట్టంలోని బుడగ సుమారు ఎనిమిదో వంతుకు తగ్గి కూర్చుంటుంది. బర్నర్ ఆగి ఒత్తిడి పోగానే అది మళ్లీ ఉబ్బి, ముందున్న నూనెను నాజిల్ బయటికి తోస్తుంది. మంట ఆగాక కూడా బొట్లు పడటం, నాజిల్ చుట్టూ మసి, ఇంట్లో నూనె వాసన అందుకే. వాసన వస్తోందంటే గొట్టం ఎక్కడో కారుతోందని వెతుకుతారు. కారేది నాజిలే, అదీ బుడగ తోస్తే.

అసలు గాలి ఎక్కడ దూరింది? ట్యాంకు ఎండిపోవడం తేలికగా దొరికే జవాబు. నూనె ఉండగానే మళ్లీ మళ్లీ గాలి వస్తుంటే చిక్కు మొదలవుతుంది. పంపు నూనెను లాగుతుందని అంటాం గాని, నిజానికి అది గొట్టంలో ఒత్తిడిని తగ్గిస్తుందంతే. ట్యాంకులోని నూనె మీద కూర్చున్న వాతావరణమే నూనెను గొట్టంలోకి నెడుతుంది. టారిచెల్లి పదిహేడో శతాబ్దంలో పాదరసంతో చూపించింది ఈ సంగతే. ట్యాంకు బర్నర్ కన్నా కిందున్నా, గొట్టం పైకప్పు మీదుగా తిరిగొచ్చినా లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. అలాంటి గొట్టానికి చిల్లు పడితే నూనె బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. చీలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి చూడండి: చీలిక దగ్గర చుక్క కారదు, నోటికి మాత్రం గాలి వస్తుంది. తడి కోసం గొట్టం వెంట చెయ్యి పెట్టి వెతికేవాళ్లకు ఈ చిల్లు దొరకదు.

అనుభవమున్న మెకానిక్ ముందు ఫిల్టర్ మూతను అనుమానిస్తాడు. కిందటిసారి సర్వీసులో పాత వాషర్ మీదే కొత్తది వేశారేమోనని. తర్వాత వాల్వు కాడ చుట్టూ ఉండే ప్యాకింగ్, ఫ్లేర్ నట్లు, పంపు ఇరుసు సీలు. కంప్రెషన్ నట్లు కనిపిస్తే ముఖం చిట్లిస్తాడు. టెఫ్లాన్ టేపు చుట్టి ఉంటే ఇంకా చిట్లిస్తాడు, దాని పీలికలు పంపులోకి చేరతాయి కనుక.

చిల్లే లేకుండా కూడా గాలి పుట్టొచ్చు. నూనెలో గాలి ఎప్పుడూ కొంత కరిగే ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, బయట పెట్టిన ట్యాంకులో చలికి నూనెలోని మైనం పేరుకున్నా పంపు ఇంకా గట్టిగా లాగాల్సి వస్తుంది. లాగుడు 10 అంగుళాల పాదరసం దాటిందంటే కరిగిన గాలి నురుగులా విడిపోవడం మొదలవుతుంది. అందుకే పంపుకు వాక్యూమ్ గేజ్ బిగించి చూస్తారు. నూనెను పైకి లాగాల్సిన ప్రతి అడుగు ఎత్తుకు సుమారు ముప్పావు అంగుళం లెక్క. ముల్లు అంతకన్నా బాగా పైకి పోతే దారి ఎక్కడో మూసుకుపోయింది. ముల్లు కిందే ఉండి బుడగలు వస్తుంటే చిల్లుంది.

గాలి తీయడం మన ఊళ్లలో డీజిల్ ఇంజిను నడిపినవాళ్లకు కొత్త కాదు, పనిచేసే తీరు అదే. పంపు మీది బ్లీడర్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను డబ్బాలో పెట్టి, బర్నర్ తిప్పుతూ బ్లీడర్‌ను వదులు చేస్తారు. ముందు నురుగు, తర్వాత తెగే ధార, చివరికి బుడగ లేని ఎర్రటి ధార. అది కాసేపు నిలిచాక బిగిస్తారు. ట్యాంకు ఎండితే ఈ పనితో సరిపోతుంది. వారం తిరక్కుండా మళ్లీ తీయాల్సి వస్తే అది మరమ్మతు కాదు, వాయిదా.

వచ్చిన గాలిని వచ్చినట్టే బయటికి పంపే డీఏరేటర్లు దొరుకుతాయి. పంపు నుంచి ట్యాంకుకు రెండో గొట్టం వేసినా గాలి వెనక్కి పోతుంది. పొడవైన గొట్టాలకు ఇవి పనికొస్తాయి గాని, చిల్లున్న గొట్టానికి డీఏరేటర్ తగిలించడం నాకు నచ్చదు. తప్పు పంపుదా గొట్టానిదా అని తేల్చడానికి ఇంతకన్నా చవకైన దారి ఉంది. ట్యాంకు గొట్టం విప్పేసి, శుభ్రమైన నూనె పోసిన డబ్బాను బర్నర్ పక్కనే పెట్టి, కొత్త చిన్న గొట్టంతో పంపుకు కలుపుతారు. బుడగలు ఆగితే విప్పేసిన గొట్టంలోనే దొంగ ఉన్నాడు. ఆగకపోతే పంపు సీలు మార్చాలి.