గవార్నీ చిత్రాల్లో గతించిన ప్రేమలు

1835 సెప్టెంబరులో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ ప్రభుత్వం ముందస్తు అనుమతి లేనిదే బొమ్మలు ప్రచురించరాదని చట్టం చేయగా, అంతవరకు పాలకులను ఎండగట్టిన ‘ల షరివరి’ పత్రిక చిత్రకారులు పారిస్ ప్రజల నిత్యజీవితం వైపు మళ్లారు. వారిలో గవార్నీగా ప్రసిద్ధికెక్కిన సుల్పీస్ గియోమ్ షెవలియే (1804–1866) ప్రేమ వ్యవహారాలనే ప్రధాన వస్తువుగా స్వీకరించాడు. ఈ బొమ్మలను అచ్చువేయడానికి సున్నపురాతి పలకపై జిడ్డు బలపంతో గీసి, రాతిని తడిపి సిరా పూస్తే, సిరా జిడ్డు గీతలనే అంటిపెట్టుకుని కాగితం మీదికి దిగుతుంది. శిలాముద్రణ అనే ఈ పద్ధతిలో లోహాన్ని చెక్కే శ్రమ లేనందున చిత్రకారుడి గీత చెక్కుచెదరకుండా పాఠకుడికి చేరేది.

నోత్ర్ దామ్ ద లోరెత్ చర్చి పరిసరాల్లో ధనికులైన ప్రియుల పోషణలో జీవించే యువతులను ఆనాడు ‘లోరెత్’లనేవారు. 1840ల తొలినాళ్లలో వారి విలాసాన్ని చిత్రించిన గవార్నీ, కొన్నేళ్లు లండన్‌లో గడిపి వచ్చాక, ‘పారి’ అనే దినపత్రికకు 1852–53లో గీసిన ‘ముసుగులు, ముఖాలు’ అనే చిత్రమాలలో వారినే వయసు మళ్లిన, చితికిపోయిన స్త్రీలుగా మళ్లీ చూపాడు. అందులోనే ‘అనురాగ క్షతగాత్రులు’ అని చెప్పదగిన మరో వరుసలో ఒకనాటి ప్రేమికులైన ముసలి పురుషులు కనిపిస్తారు. గాయపడిన సైనికుల కోసం పద్నాలుగో లూయీ పారిస్‌లో కట్టించిన ‘ఎన్వలీద్’ ఆశ్రయ భవనం పేరునే ఫ్రెంచిలో ఈ వరుసకు పెట్టడంలో, ప్రేమను కూడా యుద్ధంగా చూసిన తరం మీద విసిరిన చురక ఉంది.

సహచరుడు దోమియే బొమ్మలకు వ్యాఖ్యలను చాలావరకు ఇతరులు రాసేవారు; గవార్నీ మాత్రం తానే రాసుకునేవాడు. అతనిలో చిత్రకారుడితో పాటు సాహిత్యకారుడూ ఉన్నాడని కవి బోద్లేర్ గుర్తించింది అందుకే. ఈ చిత్రాల బలమంతా ఆ జోడింపులోనే ఉంది: బొమ్మ ముడతలు పడిన నేటి ముఖాన్ని చూపుతుండగా, దాని కింది మాట నిన్నటి యౌవనాన్ని తలచుకుంటుంది, ఆ రెండింటి మధ్య దూరాన్ని పాఠకుడు తన మనసులోనే కొలుచుకోవలసి వస్తుంది. అయితే ఆ జ్ఞాపకం అందరికీ ఒకే రీతిగా మిగలలేదు. ముసలివాడికి అది చెప్పుకొని మురిసే గతం కాగా, పోషకుల ఆదరణే బతుకుతెరువైన స్త్రీకి ప్రేమతో పాటు నీడా, కూడూ పోయిన గతం. ఈ అన్యాయాన్ని గవార్నీ మాటల్లో ఎత్తిచూపకపోయినా, అతడు గీసిన చిరుగుల దుస్తులు దాన్ని దాచలేదు.