పాటా? పాతా?

పిల్లలూ! మా కొలిమిగుండ్లలో జరిగిన చిన్న సంగతి ఒకటి చెబుతాను, వినండి.

ఏడో తరగతి కుర్రవాడొకడు బడిలో జరిగే పాటల పోటీకి తయారవుతున్నాడు. అతని పాటల పుస్తకం తాడిపత్రిలో మేనమామ ఇంట్లో వుండిపోయింది. వెంటనే సెల్‌ఫోను తీసి, "మామా, నా పాట పుస్తకం నాయన చేతికిచ్చి పంపు" అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాడు. సాయంకాలం బస్సు దిగిన నాయన సంచీలోనుంచి తీసినది నిరుటి లెక్కల పుస్తకం! మామ "పాట"ను "పాత" అని చదువుకున్నాడు. ఇంగ్లీషులో "ట"కూ "త"కూ ఒకటే అక్షరం గదా! మర్నాడు పోటీలో కుర్రవాడు రెండో చరణం దగ్గర ఆగిపోయాడు.

తెలుగులో రాసివుంటే ఈ చిక్కు వచ్చేది కాదు. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే "యూనికోడ్" అనే పద్ధతి వుంది. అందులో మన అక్షరాలకు 1991లోనే చోటు దొరికింది. ఇప్పుడు సెల్‌ఫోనులో "ట" నొక్కితే "ట"యే వస్తుంది.

అయితే ఇంటర్నెట్టు చెడ్డదా? కానేకాదు. మన బెలుం గుహల పొడవు 3,229 మీటర్లని అది క్షణంలో చెబుతుంది. దానిని మనం ఎట్లా చదువుతున్నాం, ఎట్లా రాస్తున్నాం అన్నదే ప్రశ్న.

నార్వే దేశంలో 72 మంది పదో తరగతి పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత కాగితం మీద, రెండో జట్టు చేత కంప్యూటరు తెర మీద ఒకే పాఠాలు చదివించారు. 2013లో ఫలితాలు వెలువడ్డాయి. కాగితం మీద చదివినవారికే పాఠం బాగా అర్థమైంది! పుస్తకంలో ఫలానా సంగతి ఎడమ పుట అడుగున వున్నదని మనకు గుర్తుంటుంది. తెర మీద పంక్తులు జరిగిపోతూ వుంటే ఆ గుర్తు నిలవదు.

ఆ దేశంలోనే మరొక పరీక్ష చేశారు. 36 మంది విద్యార్థుల తలలకు 256 గ్రాహకాలున్న టోపీలు తొడిగి, మాటలను కలంతో రాయించారు, మీటలు నొక్కించారు. కలంతో రాసేటప్పుడు మెదడులోని భాగాలు ఒకదానితో ఒకటి ఎక్కువగా కలిసి పనిచేశాయని 2024లో ప్రకటించారు. మీట ఏదైనా వేలి కదలిక ఒకటే. "క"కూ "ఖ"కూ చేయి తిరిగే తీరు మాత్రం వేరు.

కనుక పిల్లలూ, ఇంటర్నెట్టులో చూసినదాన్ని నిదానంగా చదవండి. తరువాత ఫోను పక్కన పెట్టి, మీ సొంత మాటలతో ఐదు వాక్యాలు కాగితం మీద రాయండి. తల్లిదండ్రులు వాటిని పైకి చదివించి వినాలి.

మన కుర్రవాడు ఏం చేశాడో తెలుసా? పుస్తకం చేతికి రాగానే ఆ పాటను రెండుసార్లు చేత్తో రాసుకున్నాడు. ఇప్పుడతనికి పాట పుస్తకంతో పనే లేదు!