గది కప్పు మీద సూర్యకుటుంబం

1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వచ్చినప్పుడు మన దేశంలో జరిగిన హోమాలూ, శాంతులూ పెద్దవాళ్ళకు జ్ఞాపకం వుండే వుంటాయి. అలాంటి భయమే 1774లో నెదర్లాండ్స్ దేశపు ఫ్రీస్‌లాండ్ ప్రాంతాన్ని పట్టుకున్నది. మే 8వ తేదీన చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు ఒక్కచోట చేరతారనీ, ఆ దెబ్బకు భూమి దారి తప్పి సూర్యుడిలో పడి మాడిపోవచ్చుననీ ఎల్కో ఆల్టా అనే మతగురువు చిన్న పుస్తకం అచ్చువేయించాడు. జనం బెంబేలెత్తిపోయారు.

మే 8 వచ్చింది, వెళ్ళింది. ఏమీ కాలేదు. అయితే ఫ్రానెకర్ అనే చిన్న వూళ్ళో ఐసే ఐసింగా అనే ముప్ఫయ్యేళ్ళాయన అంతటితో వూరుకోలేదు. ఆయన వృత్తి ఉన్ని దువ్వడం. వూళ్ళో విశ్వవిద్యాలయం వున్నా అందులో చదివినవాడు కాడు. లెక్కలంటే మాత్రం ప్రాణం. ఆకాశంలో అసలేం జరుగుతున్నదో నలుగురికీ కళ్ళకు కట్టేటట్టు చూపాలని, తాము కాపురముండే గది కప్పుకే సూర్యకుటుంబాన్ని అమర్చడం మొదలుపెట్టాడు. ఏడేళ్ళు పట్టింది.

గ్రహాల నడకను చూపే ఇత్తడి యంత్రాలు ఇంగ్లండులో అప్పటికే వున్నాయి. అవి దొరల ఇళ్ళలో బల్లల మీదికి. ఐసింగా దగ్గర వున్నవి కొయ్యా, ఇనప మేకులూ. కొయ్యచక్రాల అంచున వేలకొద్దీ మేకులు దిగగొట్టి, వాటినే పళ్ళుగా వాడుకున్నాడు. చక్రాలు అటక మీద. వాటన్నిటినీ నడిపేది ఒకే ఒక లోలకపు గడియారం. కింద నీలిరంగు కప్పులో చీలికలు, వాటిలోంచి వేలాడే చిన్న చిన్న బంతులే గ్రహాలు. బుధుడు 88 రోజుల్లో ఒక చుట్టు తిరిగి వస్తాడు. శని చుట్టు పూర్తి కావాలంటే 29 ఏళ్ళు దాటాలి, నిజం శనికి మల్లేనే!

నాకు బాగా నచ్చింది కొలత. ఒక మిల్లీమీటరుకు పది లక్షల కిలోమీటర్లు. ఆ లెక్కన బుధుడికీ గురుడికీ మధ్య ఎంత తక్కువన్నా రెండడుగుల పైమాటే. భూమి మీది నుంచి చూస్తే ఒకే దిక్కున కనిపిస్తారు గాని, వాళ్ళ మధ్య అరవై కోట్ల కిలోమీటర్ల పైచిలుకు ఎడమున్నది. ఈ సంగతి తెలియడానికి ఆ గదిలో తల పైకెత్తితే చాలు.

లోలకం వేలాడేది గోడలో బీరువాలాగా అమర్చిన పడకలోకి. అది మరీ పొడుగైతే పడుకునేదెలా అని భార్య పీటియే అడ్డుచెప్పిందనీ, అందుకే దాన్ని పొట్టి చేశాడనీ ఒక కథ చెబుతారు. నిజమైనా కాకపోయినా, ఆ ఇల్లాలి పక్షమే నాది.

పని ముగిసిన 1781లోనే హెర్షెల్ యురేనస్‌ను కనిపెట్టాడు. అదే కొలతలో దానికి దాదాపు మూడు మీటర్ల దూరం కావాలి. గది చాలలేదు.

1784లో ఐసింగా యంత్రం సంగతులన్నీ కొడుకుల కోసం వివరంగా రాసిపెట్టాడు. అది ఎంత మంచిపనో తర్వాత తెలిసింది. 1787లో రాజకీయపు గొడవల్లో ఇల్లూ వాకిలీ విడిచి పారిపోవలసి వచ్చింది. మరుసటి ఏడు పీటియే కన్నుమూసింది. ఆయన తిరిగి ఇల్లు చేరడానికి ఏళ్ళు పట్టింది. 1825లో ప్రభుత్వం ఆ ఇంటిని కొన్నది. 1828లో ఆయన పోయాడు. 2023లో యునెస్కో ఆ ఇంటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బంతులు నేటికీ తిరుగుతూనే వున్నాయి. కాని లీపు సంవత్సరపు అదనపు రోజును మాత్రం ఎవరో ఒకరు చేత్తో సరిదిద్దాలి. సంవత్సరాల అంకెలు రాసిన పలకలో 22 ఏళ్ళకే చోటు. అవి అయిపోగానే కొత్త అంకెలు రాయాలి.