రోగుల కోసం గీసిన శిలువ

తల వాలిపోయి ఉంటుంది. నెత్తిన ముళ్లకిరీటం, చేతుల్లో మేకులు, పక్కటెముకల దగ్గర బల్లెంపోటు. శిలువ బొమ్మ అనగానే ఎవరికైనా కళ్లముందు మెదిలే రూపం ఇదే. కానీ, తొలినాటి క్రైస్తవులు ఈ బొమ్మ జోలికే పోలేదు!

కారణం ఉంది. అప్పట్లో శిలువ అంటే మెడలో వేసుకునే గొలుసు కాదు, ఉరికంబం లాంటిది. రోమన్లు బానిసలనూ తిరుగుబాటుదారులనూ నలుగురూ చూస్తుండగా దానికి కొట్టి చంపేవారు. తాము కొలిచే దేవుడు అలా చనిపోయాడని బొమ్మగీసి చూపిస్తే నవ్వులపాలు కావడమే. అందుకే రోమ్‌లోని నేలమాళిగ సమాధుల గోడలమీద చేప, లంగరు, గొర్రెను భుజాన మోసే కాపరి... ఇలాంటి గుర్తులే ఎక్కువ.

చిత్రమేంటంటే, మిగిలి ఉన్న అతి పాత శిలువ బొమ్మల్లో ఒకటి భక్తితో గీసింది కాదు, వెక్కిరిస్తూ గీకింది! రోమ్‌లోని పాలటైన్ కొండమీద 1857లో బయటపడిందది. వయసు సుమారు 1800 ఏళ్లని అంచనా. శిలువమీద గాడిద తలతో ఓ మనిషి. కింద ఒకతను చెయ్యెత్తి మొక్కుతుంటాడు. అలెక్సమెనోస్ అనేవాడు తన దేవుణ్ని పూజిస్తున్నాడంటూ పక్కనే గ్రీకులో రాత. ఎవరో తుంటరి తోటివాణ్ని ఏడిపించడానికి చేసిన పని కాబోలు.

రాజులా నిలబడి...

4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో ఆ శిక్ష రద్దయింది. దాన్ని కళ్లారా చూసినవాళ్లు పోయాకగానీ శిల్పులకు ధైర్యం రాలేదు. రోమ్‌లోని శాంటా సబీనా చర్చి చెక్క తలుపులు క్రీ.శ.430 ప్రాంతంలో తయారయ్యాయి. వాటిమీద ఇద్దరు దొంగల మధ్య క్రీస్తు ఉంటాడు. కళ్లు తెరిచే ఉంటాయి. చేతులు చాచి ప్రార్థిస్తున్నట్టు ఉంటాడే తప్ప, శిలువ సరిగా కనిపించదు. బ్రిటిష్ మ్యూజియంలో ఇంచుమించు అప్పటిదే ఓ దంతపు పలక ఉంది. అందులో క్రీస్తు శిలువమీద నిటారుగా ఉంటే, పక్కనే ఆయన్ని పట్టిచ్చిన యూదా చెట్టుకు వేలాడుతుంటాడు. కాళ్ల దగ్గర నాణేల సంచి. ఇద్దరిలో ఎవరు ఓడిపోయారో శిల్పి వేరే చెప్పక్కర్లేదు.

586 నాటి సిరియాక్ సువార్త ప్రతిలోనైతే శిలువమీది క్రీస్తుకు నిలువుటంగీ కూడా తొడిగారు. తలపైన సూర్యచంద్రులు, కింద ఆయన బట్టల కోసం పందెం వేస్తున్న సైనికులు. ఇలాంటి గుర్తులు క్రమంగా స్థిరపడ్డాయి. శిలువ అడుగున పుర్రె ఉంటే అది ఆదాముది. ఆయన సమాధి అక్కడే ఉందని నమ్మకం. పైన 'ఐఎన్ఆర్ఐ' అనే అక్షరాలు 'నజరేయుడైన యేసు, యూదుల రాజు' అనే లాటిన్ మాటలకు పొడి అక్షరాలు. మేకుల లెక్కా మారింది. మొదట్లో నాలుగు ఉండేవి. 13వ శతాబ్దం నుంచి రెండు పాదాలనూ కలిపి ఒకే మేకు కొట్టినట్టు చూపడం ఎక్కువైంది.

బాధ మాత్రం నెమ్మదిగా వచ్చింది. జర్మనీలోని కొలోన్ చర్చిలో 970 ప్రాంతం నాటి ఓక్ చెక్క శిల్పం ఉంది. దాదాపు మనిషంత ఎత్తు. కళ్లు మూతలు పడ్డాయి, తల వాలిపోయింది, పొట్ట కిందికి జారింది. అందులో రాజు లేడు, ప్రాణం పోయిన మనిషి ఉన్నాడు.

పుళ్లుపడ్డ దేహం

ఆ బాధను చివరిదాకా తీసుకెళ్లినవాడు మథియాస్ గ్రూనెవాల్డ్. 1512-1516 మధ్య ఇసెన్‌హైమ్ మఠం కోసం తలుపుల్లా తెరుచుకునే పెద్ద బలిపీఠ చిత్రాన్ని గీశాడు. ఇప్పుడది ఫ్రాన్స్‌లోని కోల్మార్‌లో, ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో ఉంది. ఈ క్రీస్తును చూసి జడుసుకోనివాళ్లు తక్కువ. ఒంటినిండా ముళ్లు గుచ్చుకున్న పుళ్లు, పచ్చబారిన చర్మం, నొప్పికి కొంకర్లుపోయిన వేళ్లు. అంత ఘోరంగా ఎందుకు గీసినట్టు?

ఆ మఠం ఓ ఆసుపత్రి కూడా. సెయింట్ ఆంథొనీ సన్యాసులు అక్కడ ఓ భయంకరమైన జబ్బుకు వైద్యం చేసేవారు. దాని పేరే 'ఆంథొనీ అగ్ని'. ఒళ్లు మంటలు పుట్టి, కాళ్లూచేతులూ నల్లబడి కుళ్లిపోయేవి. రై అనే ధాన్యానికి పట్టిన బూజు రొట్టెలో కలవడమే కారణమని అప్పట్లో ఎవరికీ తెలియదు. మన సజ్జ, జొన్న రైతులను ఏడిపించే తేనెబంక తెగులు ఆ బూజు జాతిదే. సన్యాసులు రోగులకు మంచి రొట్టె పెట్టేవారు, మూలికల లేపనం రాసేవారు. కుళ్లిన కాలో చెయ్యో తీసేయక తప్పేది కాదు. అలాంటి రోగి ఎదుట ఈ చిత్రం నిలబడేది. తన ఒంటిమీదున్న పుళ్లే దేవుడి ఒంటిమీదా!

ఇంకో విశేషం ఉంది. చిత్రం తలుపుల మధ్య చీలిక శిలువ నడిమికి కాకుండా ఓ పక్కకు ఉంటుంది. తెరిస్తే క్రీస్తు చెయ్యి తెగినట్టు కనిపిస్తుంది. కింది పలకలోని మృతదేహానికి కాళ్లు విడిపోతాయి. కావాలనే అలా చేశాడని కొందరు కళాచరిత్రకారుల మాట. కాకతాళీయం అనుకోవడం కష్టమే. ఇక పండగరోజుల్లో ఆ తలుపులు తెరిస్తే, లోపల సమాధినుంచి లేస్తున్న క్రీస్తు. చర్మం నున్నగా మెరుస్తుంటుంది. పుళ్లన్నీ పోయాయి, మేకుల గుర్తులే మిగిలాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు రోగులకు కనిపించింది మాత్రం మూసిన తలుపులే.

నాలుగు వందల ఏళ్ల తర్వాత మరొకరి బాధ శిలువకెక్కింది. యూదుడైన మార్క్ షగాల్ 1938లో 'వైట్ క్రూసిఫిక్షన్' గీశాడు. నాజీలు యూదుల ఇళ్లమీద పడుతున్న రోజులవి. అందులో క్రీస్తు నడుముకు యూదుల ప్రార్థనా వస్త్రం ఉంటుంది. చుట్టూ తగలబడుతున్న ప్రార్థనామందిరం, పడవలో కిక్కిరిసిన జనం, మూట భుజానేసుకుని పరుగెత్తే మనిషి. ఎడమపక్క కింద ఉన్న ఒకాయన ఒంటిమీద ఓ పలక వేలాడుతుంటుంది. దానిమీద షగాల్ మొదట 'నేను యూదుణ్ని' అని జర్మన్‌లో రాశాడు. తర్వాత తనే వాటిమీద రంగు పూసేశాడు. షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరిన ఆ చిత్రంలో పలక ఖాళీగానే ఉంది.