కాలిగోరు కండలో దిగినప్పుడు

గత సంవత్సరము జూన్ మాసమున మా పాఠశాలలో ఏడవ తరగతి బాలుడొకడు ఆటల గంటకు మైదానమునకు రాక తరగతిలోనే కూర్చుండుచుండెను. సోమరితనమని మందలించితిమి. మరునాడు బూట్లు లేక చెప్పులతో వచ్చెను. నియమభంగమని మరల మందలించితిమి. పిమ్మట నోరెత్తక బూట్లు తొడిగియే వచ్చెను. నాలుగవ దినమున కుంటుట చూచి మేజోడు విప్పించితిమి. బొటనవ్రేలి గోటి మూల కండలో దిగి, వ్రేలు వాచి ఎఱ్ఱబడియుండెను. నొప్పి పెట్టినప్పుడెల్ల ఇంటిలో ఆ మూలను బ్లేడుతో కోయుచుండిరట. గోరుచుట్టుపై రోకలిపోటు అందురు. ఆ రోకలిని మేమే ఎత్తితిమి. అందుకే తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు.

గోటి మూలను గుండ్రముగా, మిక్కిలి లోతుగా కత్తిరించినపుడు అంచున ముల్లువంటి మొన మిగులవచ్చును. గోరు పెరిగినకొలది అది ప్రక్క కండలో గ్రుచ్చుకొనును. బిగుతైన బూటు కండను గోటిపైకి నొక్కును. చెమటయు, వానకు తడిసిన మేజోళ్లును చర్మమును మెత్తపరచును. గోటి నడుమ గాటు పెట్టినచో నయమగునని కొందరు నమ్ముదురు. గోరు మొదలునుండి పెరుగునుగాని కొననుండి కాదు. కావున ఆ గాటువలన ఫలము లేదు.

ఆరంభములోనే గుర్తించినచో, శస్త్రచికిత్స లేకయే పెక్కుమందికి నయమగును. దినమునకు రెండు మూడు మార్లు పాదమును 15 నిమిషములు గోరువెచ్చని నీటిలో ఉంచి, మెత్తని గుడ్డతో తడి లేకుండ ఒత్తవలెను. పిమ్మట చేతులు కడుగుకొని, శుభ్రమైన దూదిని సన్నగా పేని గోటి అంచు క్రింద మెల్లగా చొనుపవలెను. దూదిని ప్రతిదినము మార్చవలెను. పిల్లవాడు తాళలేనిచో బలవంతము కూడదు. అప్పుడు అంటుపట్టీ కొనను గోటి ప్రక్క కండపై అంటించి, కండను గోటికి ఎడముగా లాగుచు, ఏటవాలుగా వ్రేలి క్రిందికి త్రిప్పవలెను. వ్రేలిని చుట్టి బిగించరాదు. నయమగువరకు వ్రేళ్లను నొక్కని చెప్పులు మేలు. కాలిగోరు నెలకు సుమారు 1.5 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. కనుక కొన్ని వారముల ఓర్పు వలయును.

చీము పట్టినను, జ్వరము వచ్చినను, ఎఱుపు పాదమునకు ప్రాకినను, కొన్ని దినములలో నొప్పి తగ్గకున్నను ఆలసింపక వైద్యునికి చూపవలెను. మధుమేహము గల పిల్లలకు మొదటనే చూపవలెను. మన బెంగుళూరులో, 1900లో ఆరంభమైన విక్టోరియా ఆసుపత్రి చెంతనే స్త్రీలకును శిశువులకును ప్రభుత్వ వాణీవిలాస ఆసుపత్రి గలదు.

ఈ బాధ రాకుండ చేయుట మరింత సులభము. గోళ్లను అడ్డముగా, తిన్నగా కత్తిరించి మూలలను విడువవలెను. బూట్లు కొనుటకు ముందు, సాయంకాలమున పిల్లవానిని కాగితముపై నిలిపి పాదము చుట్టును గీత గీయుడు. ఆ గీత బూటు అడుగుభాగమును దాటినచో ఆ బూటు ఇరుకని తెలియును.

ఆ బాలుడు ఆరు వారములకు మరల పరుగెత్తినాడు. నాటినుండి, కాలినొప్పి గల పిల్లలు తల్లిదండ్రుల చీటితో చెప్పులు ధరించి రావచ్చునని నియమమును సవరించితిమి. పిల్లలు అన్ని నొప్పులను నోటితో చెప్పరు. వారమున కొకమారు, స్నానమైన పిమ్మట, వారి పాదములను మీ చేతిలోనికి తీసికొని చూడగోరుచున్నాము.