గోధుమ వేషం వేసిన గడ్డి

ఆకు మొదట్లో పల్చటి పొర ఉంటే వరి, లేకపోతే కలుపు గడ్డి ఊద అని మా అమ్మ మడిలో వంగి చూపించింది. హర్యానా గోధుమ చేలలో అలాంటి దొంగ గడ్డి గుల్లీ డండా. లేతప్పుడు అచ్చం గోధుమే. మొదలు దగ్గరి ఎర్ర జీరే దాన్ని పట్టిస్తుంది.

ఐసోప్రొట్యూరాన్ అనే కలుపు మందు దాన్ని ఏళ్ల తరబడి అదుపులో పెట్టింది. 1990ల మొదట్లో మందు కొట్టినా గడ్డి చావలేదు. కొందరు రైతులు చేనును పచ్చిగానే కోసి పశువులకు వేశారు. హిసార్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆర్.కె. మాలిక్, సముందర్ సింగ్ దీన్ని పరిశోధించి, గడ్డి నిజంగానే మందును తట్టుకుంటోందని 1995లో ప్రకటించారు. గోధుమ ఈ మందును తనలోనే విరిచేసుకుని బతుకుతుంది. గుల్లీ డండాలోనూ ఎక్కడో ఒకటీ అరా మొక్కలకు ఆ విద్య ఉంది. మిగతావి చచ్చాక వాటి సంతానమే చేనంతా నిండింది. ఏటా వరి, గోధుమ, మళ్లీ అదే మందు! నా బాధంతా ఇక్కడే.

మాలిక్ మందు మార్చడంతో ఆగలేదు, దున్నకుండా విత్తే పద్ధతిని రైతుల చేలలోకి తీసుకెళ్లారు. నేల కదలకపోతే గుల్లీ డండా గింజ తక్కువగా మొలుస్తుంది. అయినా తర్వాత వచ్చిన మందులకూ అది లొంగడం మానేసింది. రైతన్నలారా, మన ఊదకు ఏటా ఒకే మందు కొట్టకండి.